తొక్కలో ఉన్న పట్టు

ఈసారి ఆరోగ్యం పేజీకి నన్ను రాయమన్నారు. నేను రాయబోయేది నారింజ తొక్కల గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి. ఇందులో ఒక జామ్ ఉంది, ఒక పుండు ఉంది, మన ఊళ్ళ చీనీ తోటలు ఉన్నాయి. నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది.

పోయిన శుక్రవారం నాకు డ్యూటీ లేదు. మా ఆయనా నేనూ అల్ రాయ్ వెళ్ళాం. సూక్ అల్ జుమాలో పాత కుర్చీలు బేరమాడి, కుదరక వదిలేసి, మొక్కల దుకాణాల వైపు కరివేపాకు మొక్క కోసం తిరిగాం. ఎండకి నోరెండిపోయి ఒక జ్యూస్ కొట్టు దగ్గర ఆగాం. జ్యూస్ తీసే కుర్రాడు మన రాజంపేట వైపు వాడే. మాట వినగానే పోల్చుకున్నాడు. "ఏం కావాలక్కా?" అని తెలుగులోనే అడిగాడు.

నారింజలు మిషన్‌లో వేస్తున్నాడు. రసం ఒకవైపు, తొక్కలు ఇంకోవైపు. మా రెండు గ్లాసులు నిండేసరికి కింద బకెట్‌లో తొక్కలు గుట్టగా పడ్డాయి. రసానికి తీసే నారింజలో బరువు చూస్తే సుమారు సగం తొక్క, పిప్పి, గింజలే.

"ఇవన్నీ ఏం చేస్తావు తమ్ముడూ?" అన్నాను.

"చెత్తలోకే అక్కా. రోజుకు నాలుగు నల్ల సంచులు పోతాయి. శుక్రవారం అయితే ఆరు. ఏం, నీకు కావాల్నా?" అని నవ్వాడు.

కావాలి అన్నాను. మా ఆయన నా మొహం వింతగా చూశాడు. ఎందుకు అడిగానో చెప్పాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్ళాలి.

ఆ ఫార్వర్డ్ పంపింది నేనే

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "నారింజ తొక్కలు ఎండబెట్టి, పొడి చేసి, వేడినీళ్ళలో తాగితే షుగర్, కొలెస్ట్రాల్ మాయం" అని ఒక మెసేజ్ మన గ్రూపుల్లో తిరిగింది. నాకు నైట్ డ్యూటీ మధ్యలో వచ్చింది. పైపైన చదివాను. తొక్కలో పీచు ఉంటుంది, మంచిదే కదా అనుకుని మూడు గ్రూపులకు పంపేశాను. నర్సు పంపిందంటే జనం నమ్ముతారని ఆ నిమిషంలో నాకు తట్టలేదు.

ఫర్వానియాలో మాకు తెలిసిన ఒక అక్క ఉంది. ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే పిల్లలకి నారింజ రసం తీయాలి. తొక్కలకు కొదవ లేదు. అక్కకి ఏడేళ్ళుగా షుగర్. మాత్రలు అయిపోతే మామాని అడగాలి, క్లినిక్‌కి తీసుకెళ్ళమని బతిమాలాలి. అది ఆమెకి నామోషీ. తొక్కలైతే ఎవరినీ అడగక్కరలేదు. పొడి చేసుకుని పొద్దున, సాయంత్రం తాగింది. మాత్రలు ఆపేసింది. మూడు వారాలు.

ఒకరోజు ఫోన్ చేసి, "కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, ఊరికే దాహం వేస్తోంది, రాత్రి నాలుగుసార్లు లేస్తున్నా" అంది. మీటర్ తీసుకుని వెళ్ళాను. 22 చూపించింది. ఇక్కడి మీటర్ లెక్క అది. మన ఇండియా లెక్కలో దగ్గర దగ్గర 400. మాత్రలు ఎందుకు ఆపావక్కా అని గట్టిగానే అడిగాను. ఆమె నా వంక చూసి, "నువ్వే పంపినావు కదమ్మా" అంది.

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. అప్పటికప్పుడు క్లినిక్‌కి తీసుకెళ్ళాం. మందులు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు బాగానే ఉంది, నాతో మాట్లాడుతోంది కూడా. నాకు మాత్రం ఒక పంతం పట్టుకుంది. ఆ మెసేజ్‌లో ఎంత నిజం, ఎంత అబద్ధం? తొక్కలో అసలు ఏముంది? అది తేల్చుకుని, నేను ఎక్కడ తప్పు పంపానో అక్కడే సరిగ్గా రాయాలి అనుకున్నాను.

డబ్బా మీద చిన్న అక్షరాలు

జవాబు నా వార్డులోనే దొరికింది. పన్నెండేళ్ళుగా నేను అతికిస్తున్న డ్రెస్సింగ్ డబ్బా మీద.

మంచం పట్టిన వాళ్ళకి నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయని మీకు తెలుసు. వాటికి హైడ్రోకొల్లాయిడ్ డ్రెస్సింగ్ అని ఒకటి వేస్తాం. గోధుమరంగులో, చర్మంలా మెత్తగా ఉండే బిళ్ళ. ఈ రకం డ్రెస్సింగుల్లో సాధారణంగా ఉండేవి మూడు: జెలటిన్, పెక్టిన్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. పొట్టకి ఆపరేషన్ చేసి స్టోమా పెట్టిన వాళ్ళకి సంచీ చుట్టూ చర్మం పాడవకుండా అతికించే రింగుల్లో, చల్లే పొడిలో కూడా ఇవే వాడతారు.

పెక్టిన్ అంటే ఏమిటని వెతికితే మొదట కనిపించిన జవాబు: నిమ్మ, నారింజ తొక్కల నుంచి తీసేది.

ఇది పుండులోని తడిని పీల్చుకుని జిగురుగా మారుతుంది. పుండుని ఎండనివ్వదు, మరీ నాననివ్వదు. పుండు ఎండి చెక్కు కడితేనే మానుతుందని మన పెద్దవాళ్ళు అనేవాళ్ళు. డాక్టర్లూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద ప్రయోగం చేసి, తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయం మీద కొత్త చర్మం త్వరగా పెరుగుతుందని చూపించాడు. ఈ డ్రెస్సింగులన్నీ ఆ ఆలోచన నుంచి వచ్చినవే. నాలుగైదు రోజుల తర్వాత బిళ్ళ తీస్తే కింద పసుపుగా, వాసనతో జిగురు ఉంటుంది. కొత్తగా చేరిన సిస్టర్లు దాన్ని చీము అనుకుని కంగారుపడతారు. అది చాలావరకు కరిగిన డ్రెస్సింగే. తుడిచి, కడిగి చూస్తేనే పుండు అసలు సంగతి తెలుస్తుంది.

ఇంట్లో మంచం మీద ఉన్న పెద్దవాళ్ళని చూసుకునేవాళ్ళు మనలో చాలామంది. అందుకే ఒక మాట. ఇది చదివి ఎవరూ తొక్కల జిగురు పుండ్ల మీద పూయకండి. డ్రెస్సింగులో వాడేది శుద్ధి చేసి, క్రిములు లేకుండా చేసిన సరుకు. వంటింట్లో తీసింది తినడానికి మాత్రమే.

చింతపండుతో మొదలైన కథ

ఇల్లు కట్టేటప్పుడు ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం పెడతాం కదా. మొక్కల్లో ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య ఉండే సున్నం లాంటిది పెక్టిన్. కాయ పచ్చిగా ఉన్నప్పుడు గట్టిగా ఉండేది దీనివల్లే. పండేకొద్దీ ఈ పట్టు సడలుతుంది, పండు మెత్తబడుతుంది. నిమ్మకాయ ఊరగాయ మొదటి వారం తొక్క కొరకలేనట్టు ఉండి, నెల తిరిగేసరికి వెన్నలా అవుతుంది చూడండి. ఉప్పులో, పులుపులో ఊరి ఊరి ఆ పట్టు వదులవుతుంది.

1790లో ఫ్రాన్స్‌లో వోక్లాన్ అనే రసాయన శాస్త్రవేత్త చింతపండును పరీక్షిస్తూ, అందులో గడ్డకట్టే గుణమున్న పదార్థం ఒకటి ఉందని గమనించాడు. మన చారులో, పులుసులో రోజూ పిసికే చింతపండే! తర్వాత 1825లో అదే దేశంలో బ్రాకొనో అనే ఆయన దాన్ని వేరుచేసి, గ్రీకులో గడ్డకట్టడం అని అర్థమొచ్చే మాట నుంచి పెక్టిన్ అని పేరు పెట్టాడు.

ఇది ఒక రకం చక్కెర అణువులు వందలకొద్దీ దండలా గుచ్చినట్టు ఉండే పదార్థం. ఇలాంటి పొడవాటి దండల్ని పాలిమర్లు అంటారు. ప్లాస్టిక్ కూడా పాలిమరే. పెక్టిన్ చెట్టు తయారుచేసింది, మట్టిలో కలిసిపోతుంది. అందుకే బయోపాలిమర్ అంటారు.

దండలన్నీ ఒకదానికొకటి చిక్కుకుని, మధ్యలో నీటిని పట్టుకుంటే గడ్డ కడుతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి రకానికి పులుపు కావాలి, చక్కెర బాగా కావాలి. మామూలు జామ్‌లో సగానికి పైగా చక్కెరే ఉండేది అందుకే. రెండో రకానికి చక్కెర అక్కరలేదు, కాల్షియం చాలు. ఇది మనకి కొత్త కాదు. బూడిద గుమ్మడికాయ ముక్కల్ని సున్నపు తేటలో నానబెట్టి తర్వాత పాకంలో వేస్తే ముక్క కరకరలాడుతుంది. సున్నంలోని కాల్షియం ముక్కలోని పెక్టిన్‌ని ముడివేసి బిగిస్తుంది. మిఠాయి చేసేవాళ్ళకి ఆ పేరు తెలియదు, పని మాత్రం తెలుసు.

కువైట్‌లో మనం సామాను కొనేటప్పుడు డబ్బా వెనక చదవడం అలవాటే. పిల్లల గమ్మీలు, జెల్లీలు కొంటే జెలటిన్ ఉందా అని చూస్తాం. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. ముస్లిం అక్కలు హలాల్ గుర్తు కోసం చూస్తారు, శాకాహారులు అసలు వద్దంటారు. జెలటిన్ బదులు పెక్టిన్ అనో, ఇ 440 అనో రాసి ఉంటే అది పండ్ల నుంచి వచ్చింది. ఆ ఒక్క అంకె గుర్తు పెట్టుకుంటే బకాలాలో సగం సందేహాలు తీరతాయి. మిగతా పదార్థాలు మాత్రం మామూలుగానే చదవాలి.

మరి షుగర్, కొలెస్ట్రాల్ సంగతి?

మెసేజ్ పూర్తిగా అబద్ధమైతే నాకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. అందులో కాస్త నిజం ఉంది.

పెక్టిన్ నీళ్ళలో కరిగే పీచు. మన కడుపు దాన్ని అరిగించుకోలేదు. పేగుల్లో జిగురుగా మారి, తిన్న పిండిపదార్థం రక్తంలోకి చేరే వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో దీన్ని పరిశీలించింది. రోజుకు 6 గ్రాముల పెక్టిన్ తీసుకుంటే కొలెస్ట్రాల్ మామూలు స్థాయిలో ఉండటానికి సాయపడుతుందనీ, భోజనంతో పాటు 10 గ్రాములు తీసుకుంటే తిన్న తర్వాత షుగర్ పెరిగే తీరు తగ్గుతుందనీ ఒప్పుకుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఎండిన నిమ్మ, నారింజ తొక్కలో పెక్టిన్ వందకు 20 నుంచి 30 గ్రాములు. అంటే 10 గ్రాముల పెక్టిన్ కావాలంటే ఒక్కో భోజనానికి 35 నుంచి 50 గ్రాముల ఎండు తొక్క తినాలి. అది గుప్పెళ్ళ లెక్క. మన అక్క కలుపుకున్నది చెంచాడు. పైగా తొక్కలోని పెక్టిన్ చాలావరకు కణాల గోడకి అంటుకునే ఉంటుంది. వేడినీళ్ళలో చెంచా పొడి కలిపినంత మాత్రాన బయటికి రాదు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. సాయపడటం వేరు, మందు కావడం వేరు. రోజూ పప్పు, కూరగాయలు, పండ్లు తింటే ఆ సాయం ఎలాగూ అందుతుంది. షుగర్ మాత్ర చేసే పని ఏ తొక్కా చెయ్యదు.

ఇంకా రెండు జాగ్రత్తలు. దూరదేశాల నుంచి ఓడల్లో వచ్చే నారింజలకి బూజు పట్టకుండా మందు కొడతారు, మెరుపు కోసం మైనం పూస్తారు. అవి నిలిచేది తొక్క మీదే. రోజూ ఆ పొడి తాగడం మంచిది కాదు. రెండోది, జిగురుగా మారే పీచు ఏదైనా కొన్ని మందుల్ని రక్తంలోకి వెళ్ళకుండా పట్టి ఉంచగలదు. థైరాయిడ్ మాత్రలు, కొన్ని గుండె మందులు వేసుకునేవాళ్ళు ఎలాంటి పీచు పొడి మొదలుపెట్టాలన్నా ముందు డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగండి.

నేను మూడు గ్రూపులకూ ఆ మెసేజ్ పంపాను కాబట్టి మూడు గ్రూపుల్లోనూ ఈ వ్యాసం పెట్టమని అడిగాను. దయచేసి మాత్రలు ఆపకండి. ఎవరి సాయమైనా అడగడానికి మొహమాటం అనిపిస్తే మా నర్సుల్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. క్లినిక్‌కి తోడు వస్తాం.

ఫ్యాక్టరీలో ఎలా తీస్తారు

తొక్కలోని పెక్టిన్ అసలు ఎలా బయటికి వస్తుంది? పద్ధతి వింటే మన వంటిల్లే గుర్తొస్తుంది.

ముందు తొక్కల్ని కడిగి, తీపినీ, పైపొరలోని నూనెనీ తీసేస్తారు. తర్వాత పలుచని ఆమ్లం కలిపిన వేడినీళ్ళలో గంటలకొద్దీ ఉంచుతారు. ఆ పులుపుకి, వేడికి గోడకి అతుక్కున్న పెక్టిన్ వదిలి నీళ్ళలోకి వస్తుంది. వడకడతారు. ఆ నీళ్ళని చిక్కబరిచి ఆల్కహాల్ పోస్తారు. పెక్టిన్‌కి ఆల్కహాల్ పడదు. పాలు విరిగినట్టు తెల్లని గడ్డలుగా తేలుతుంది. పిండి, ఆరబెట్టి, పొడి చేస్తారు. వాడిన ఆల్కహాల్‌ని మళ్ళీ స్వేదనం చేసి తిరిగి వాడుకుంటారు. వేడి మరీ ఎక్కువైనా, ఎక్కువసేపు ఉంచినా దండలు తెగిపోయి పెక్టిన్ పట్టు పోతుంది. ఫ్యాక్టరీలో అయినా, మన పొయ్యి మీద అయినా ఇదే సూత్రం.

ప్రపంచంలో పెద్ద పెక్టిన్ ఫ్యాక్టరీల్లో ఒకటి డెన్మార్క్‌లో ఉంది. ఆ చలిదేశంలో నిమ్మచెట్టు ఆరుబయట బతకదు. మరి తొక్కలు ఎక్కడివి? మెక్సికో, పెరూ, అర్జెంటీనా లాంటి చోట్ల రసం తీసిన నిమ్మ తొక్కల్ని కడిగి, ఎండబెట్టి, ఓడల్లో పంపుతారు. ఎండిన తొక్క అక్కడ చెత్త లెక్కలోకి రాదు, సరుకు.

ఇటలీ సిసిలీలో ఆడ్రియానా సాంతనోచితో, ఎన్రికా అరేనా అని ఇద్దరు అమ్మాయిలు 2014లో ఆరెంజ్ ఫైబర్ అనే కంపెనీ పెట్టారు. వాళ్ళు తీసింది పెక్టిన్ కాదు, రసం పిండాక మిగిలిన పిప్పిలోని సెల్యులోజ్. అదీ బయోపాలిమరే. దాన్ని దారం చేసి, పట్టులాంటి బట్ట నేయించారు. 2017లో ఫెర్రగామో అనే పెద్ద ఫ్యాషన్ కంపెనీ ఆ బట్టతో దుస్తులు తెచ్చింది. నారింజ పిప్పితో చీర కట్టే రోజూ వస్తుందేమో!

అయితే ప్రతి జ్యూస్ కొట్టూ ఫ్యాక్టరీ అయిపోతుందా అంటే, కాదు. తడి తొక్క ఒక్కరోజులో పులుస్తుంది, బూజు పడుతుంది. తొక్కలోనే ఉండే ఎంజైములు పెక్టిన్‌ని పాడుచేస్తాయి. అందుకే రసం తీసిన గంటల్లోనే కడిగి, వేడిచేసి లేదా ఎండబెట్టి నిలవ చేయాలి. అల్ రాయ్‌లో ఒక కొట్టు నాలుగు సంచులు, ఇంకో కొట్టు రెండు సంచులు. వాటిని రోజూ చెడకముందే పోగుచేసే మనిషి, బండి, ఆరబెట్టే చోటు ఉండాలి. అవి లేకపోతే అన్నీ కలిసి చెత్తకుప్పకే. కువైట్‌లో ఇంటి చెత్త చాలావరకు ఎడారిలో పూడ్చేదే. అక్కడ కుళ్ళిన తొక్క గాలిలోకి మీథేన్ వదులుతుంది.

మన చీనీ, మన నిమ్మ

ఈ లెక్కలన్నీ చదువుతుంటే నా మనసు ఊరికి పోయింది. మాది కడప జిల్లా. కోస్తా వాళ్ళు బత్తాయి అంటారు, మేం చీనీ అంటాం. మా నాన్నకి రెండెకరాల చీనీ తోట ఉండేది. ఒక ఏడాది ధర పడిపోయింది. కోత కూలీ, బండి బాడుగ కూడా రావని కాయలు చెట్టు కిందే వదిలేశాడు. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. తీపి, పులుపు, కుళ్ళు కలిసిన వాసన. ఆ తర్వాతే నన్ను నర్సింగ్‌లో చేర్పించడానికి అప్పు చేశాడు. తోట తర్వాత అమ్మేశాం.

కువైట్‌కి వచ్చినవాళ్ళలో కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అనంతపురం, కడప, నల్గొండ వైపు చీనీ తోటలు. నెల్లూరు వైపు గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు. ఇటు తెనాలి, ఏలూరు. మనలో చాలామంది పంపే డబ్బుతో అక్కడ తోటలకు బోర్లు వేస్తున్నారు. నిమ్మ ధర ఎండాకాలం ఆకాశంలో ఉంటుంది, వానాకాలం నేల మీద ఉంటుంది.

పెక్టిన్‌కి నిమ్మ తొక్క చాలా మంచిది. పట్టు బాగుంటుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పండ్ల తొక్కల నుంచి పెక్టిన్ తీయడం మీద ఎప్పటినుంచో పని చేస్తోంది. తిరుపతిలో చీనీ, నిమ్మ జాతి పంటల పరిశోధన స్థానం ఉంది. విద్య మన దగ్గర ఉంది.

నాకు అర్థమైనది చెబుతాను. పెక్టిన్ ఫ్యాక్టరీకి ఆమ్లానికి తట్టుకునే పాత్రలు, ఆల్కహాల్ లైసెన్సు, బోలెడు నీళ్ళు, మురుగునీటి శుద్ధి కావాలి. అది రైతు ఒక్కడి వల్ల కాదు. కానీ మెక్సికో, పెరూ వాళ్ళు చేసే మొదటి మెట్టు, అంటే రసం తీసి, తొక్క కడిగి, శుభ్రంగా ఎండబెట్టి అమ్మడం, దానికి కావాల్సింది రసం మిషను, నీళ్ళు, ఆరబెట్టే యంత్రం, కొనేవాడితో ముందే ఒప్పందం. డ్వాక్రా సంఘమో రైతు సంఘమో కలిసి ఆలోచించదగ్గ పని. కొనేవాడు ఖాయం కాకుండా మాత్రం ఒక్క రూపాయి పెట్టకండి. తోట ఉన్నవాళ్ళు ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి. మా నాన్న అడగడానికి అప్పట్లో ఆయనకి ఈ మాటే తెలియదు.

మన వంటింట్లో

ఇక జామ్ సంగతి. ఇంట్లో జామ్‌కి పొడి అక్కరలేదు, ఆల్కహాల్ అసలే అక్కరలేదు. పెక్టిన్ నీళ్ళు చాలు. నేను నాలుగుసార్లు చేసి చూశాక కుదిరిన కొలత ఇది.

నిమ్మ లేదా నారింజ కాయల్ని గోరువెచ్చని నీళ్ళలో బాగా రుద్ది కడగండి. పైన రంగు పొరని పలుచగా చెక్కి తీసేయండి. చేదు నూనె, మైనం చాలావరకు దాంతోనే పోతాయి. రసం తీసుకోండి. మిగిలిన తెల్లని మెత్తటి పొర మనకి కావాలి. పెక్టిన్ ఎక్కువ ఉండేది అందులోనే. గింజలు కూడా పారేయకండి.

ఆ తెల్ల పొర పావు కిలో సన్నగా తరిగి, నాలుగు టేబుల్ స్పూన్ల నిమ్మరసం కలిపి రెండు గంటలు ఉంచండి. రెండు కప్పుల నీళ్ళు పోసి ఇంకో గంట నాననివ్వండి. స్టీలు గిన్నెలో, సన్నని మంట మీద పది నిమిషాలు ఉడికించండి. పులుపు కాబట్టి అల్యూమినియం గిన్నె వద్దు. చల్లారాక పలుచని గుడ్డలో వేసి వేలాడదీయండి. తొందరపడి పిండితే మడ్డి దిగుతుంది. జిగటగా దిగిన నీళ్ళే పెక్టిన్. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ.

పట్టు ఉందో లేదో చూడాలంటే ఫార్మసీలో దొరికే సర్జికల్ స్పిరిట్ మూడు చెంచాలు చిన్న గ్లాసులో పోసి, ఒక చెంచా పెక్టిన్ నీళ్ళు వేయండి. నిమిషంలో ఫోర్క్‌తో ఎత్తగలిగేంత గడ్డ కడితే బాగా ఉన్నట్టు. తునకలుగా విడిపోతే ఇంకా మరిగించి చిక్కబరచాలి. ఈ పరీక్ష పొయ్యికి దూరంగా చేయండి. రుచి చూడకండి, సింకులో పారబోయండి. నాకు మొదటిసారి ఆ గడ్డ కనిపించినప్పుడు మా చిన్నదాన్ని కేకేసి చూపించాను. దాని సైన్సు పుస్తకంలో బొమ్మ కంటే బాగుందంది.

కిలో స్ట్రాబెర్రీలకి ఒక కప్పు పెక్టిన్ నీళ్ళు, ముప్పావు కిలో చక్కెర, రెండు చెంచాల నిమ్మరసం. చల్లటి ప్లేటు మీద చుక్క వేసి, వేలితో తోస్తే ముడత పడినప్పుడు దించేయండి.

మా ఆయనకి కూడా షుగర్ అంచున ఉంది. అందుకని ఒకసారి చక్కెర పావు వంతుకి తగ్గించి చేశాను. అది జామ్ కాలేదు, షర్బత్ అయింది. ఇంట్లో తీసే పెక్టిన్ చక్కెర కావాల్సిన రకం, మన మొహం చూసి గడ్డకట్టదు. తక్కువ చక్కెర జామ్ కావాలంటే కాల్షియంతో గడ్డకట్టే రకం పొడి వేరే అమ్ముతారు, అది కొనాలి. షుగర్ ఉన్నవాళ్ళకి అసలు మంచి దారి పండునే తినడం.

చెక్కి తీసిన రంగు పొరని మేడమీద నీడ పట్టున ఆరబెట్టాను. కువైట్ ఎండకి రెండు రోజుల్లో గలగలలాడింది. దుమ్ము పడకుండా పైన గుడ్డ కప్పాలి. మా అమ్మమ్మలాగే సున్నిపిండిలో కలిపాను.

మళ్ళీ అల్ రాయ్

ఆ శుక్రవారం జ్యూస్ కొట్టు తమ్ముడు నిజంగానే ఒక సంచి కట్టి ఇచ్చాడు. అప్పుడే పిండినవి, మంచి వాసన. కారు నిండా అదే వాసన. మా ఆయన సణుగుతూనే నడిపాడు. ఇంటికొచ్చి సగం వాడేసరికి రాత్రి పదయింది. మిగతా సగం మర్నాడు చూస్తే మెత్తబడి, నురగ కట్టింది. తడి తొక్క ఒక్కరోజు ఆగదని చదివింది అప్పుడు కళ్ళారా చూశాను.

మొదటి సీసా జామ్ ఫర్వానియా అక్కకి తీసుకెళ్ళలేదు. ఆమెకి అది పనికిరాదు. సున్నిపిండి ఒక డబ్బా, రెండు నారింజలు పట్టుకెళ్ళాను. "మాత్ర వేసుకున్నావా?" అని అడిగాను. వేసుకున్నా అంది. డబ్బా మూత తీసి వాసన చూసి, "దీన్ని తాగమనవు కదా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. పోయిన వారం ఆమె మీటర్ 8 చూపించింది.

మీ ఇళ్ళల్లో నిమ్మ, నారింజ తొక్కలతో ఏం చేస్తారో గ్రూపులో రాయండి. తోటలున్నవాళ్ళు కృషి విజ్ఞాన కేంద్రంలో ఏం చెప్పారో కూడా రాయండి, మిగతావాళ్ళకి పనికొస్తుంది. ఆరోగ్యం మెసేజ్ ఏదైనా ఫార్వర్డ్ చేసే ముందు ఒకసారి మా నర్సుల గ్రూపులో అడగండి. ఇకనుంచి నేనూ అడుగుతాను.